ఊరంతా అలుగే

రామన్నమెట్టలో జనం గుట్టుగా కాపురాలు చేసుకునే రోజులు గాలి జల్లెడ రావడంతో చెల్లిపోయాయి.

ఊరు చూడబోతే చిన్నదే. ఇటు గోదావరి పాయ, అటు కొండలు, మధ్యలో పన్నెండు వార్డులు, ఒక సంత, ఒక పోలీసు స్టేషను. ఆ ఊళ్ళో ప్రభుత్వం వారి జీవజాతుల సమాచార కేంద్రం ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా దాన్ని పశువుల ఆసుపత్రి అనుకుని కోళ్ళ తెగులుకి మందు అడిగేవారు. అందులో హైమావతి మొక్కల శాస్త్రవేత్త, మస్తాన్‌వలీ జంతువుల శాస్త్రవేత్త. వాళ్ళ ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, చుట్టుపక్కల ఏ చెట్టుందో, ఏ పిట్టుందో తెలుసుకుని అడిగినవాడికల్లా చెప్పడం. అడిగేవాడు లేకపోవడం ఒక్కటే లోటు.

ఆ లోటు తీర్చడానికి ఇద్దరూ ఏళ్ళ తరబడి తిండీ నిద్రా మాని జల్లెడ తయారుచేశారు. కొబ్బరిబొండమంత పెట్టె. కరెంటు స్తంభానికి కట్టి వదిలేస్తే గాలి పీలుస్తూ కూర్చుంటుంది. ప్రాణమున్న ప్రతిదీ, పులి కానీ పుదీనా కానీ, ఒంటి మీంచి ఏదో ఒక రజను రాలుస్తూనే ఉంటుంది. వెంట్రుక పొడి, పుప్పొడి, రెట్ట ధూళి, ఏదైనా సరే. ఆ రజనులో ఎవరి ఆనవాలు వాళ్ళకుంటుంది. జల్లెడ దాన్ని చదివి తెల్లారేసరికి పేర్లు అప్పజెబుతుంది. వార్డుకొకటి చొప్పున కట్టించి, వచ్చిన పేర్లన్నీ సంత దగ్గర నల్లబోర్డు మీద హైమావతి తన చేత్తోనే రాసేది. రాసిందే ఫోన్లలోకి కూడా పంపేది.

"తెలిసింది దాచుకోవడం కూడా పిసినారితనమే మస్తాన్‌గారూ" అనేది. మాటవరసకి అనడం కాదు, ఆవిడ మనిషే అంత. బస్సులో పక్కసీటువాళ్ళు అడక్కపోయినా, కిటికీలోంచి కనబడే ప్రతి చెట్టు పేరూ చెప్పి దింపేది.

మొదట్లో ఊరంతా మురిసిపోయింది. మూడో వార్డులో పారిజాతం పూసిందని రాస్తే ఆడపిల్లలు సజ్జలు పట్టుకుని పరిగెత్తారు. రెండో వార్డు మేడల మీద పునుగుపిల్లి తిరుగుతోందంటే, తన మేడ మీదే అని నలుగురు పంతానికి పోయారు. పొద్దున్నే టీ గ్లాసులతో బోర్డు ముందు చేరడం ఊరికి అలవాటైపోయింది.

చిక్కెక్కడొచ్చిందంటే, జల్లెడకి అడవీ వంటిల్లూ ఒకటే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప దానికి మర్యాద తెలియదు.

నాలుగో వార్డులో ఉన్నవి ఒక బడి, ఒక బ్యాంకు, సూర్యప్రకాశంగారి శుద్ధ శాకాహార మెస్సు. ఆ మెస్సులో గుత్తివంకాయ కూర తినడానికి లంకల అవతల నుంచి జనం వచ్చేవారు. ఓనాడు బోర్డు మీద "నాలుగో వార్డు: రొయ్య" అని పడింది. మర్నాడూ పడింది. బడిలో రొయ్యలుండవు, బ్యాంకులో అసలే ఉండవు. ఊరు ఆలోచించింది. ఆ కూరకి ఆ రుచి ఎలా వచ్చిందో అందరికీ ఒక్కసారే అర్థమైంది. నిష్ఠ గలవాళ్ళు మానేశారు, నిష్ఠ లేనివాళ్ళు రెట్టింపయ్యారు. వ్యాపారం పెరిగినా సూర్యప్రకాశానికి పరువు మాత్రం తిరిగి రాలేదు.

ఎనిమిదో వార్డు పాలవాడిది మరో కథ. ఇంటింటికీ చిక్కటి గేదెపాలు పోసేవాడు గానీ, ఆ వార్డు గాలిలో గేదె అన్నదే లేదు. పిల్లుల్ని కర్రతో తరిమే రిటైర్డు హెడ్మాస్టరుగారి అరుగు పక్క స్తంభం మీది పెట్టెకి అయిదు వేరువేరు పిల్లుల ఆనవాళ్ళు దొరికాయి. చాటుగా వాటికి పాలు పోస్తున్నాడని తేలిపోయి, ఆయన ఆ తరవాత కర్ర పట్టుకోవడం మానేశాడు.

ఇంతకీ హైమావతి ఇల్లయినా ఒడ్డున పడిందా అంటే అదీ లేదు. కార్తీకమాసంలో వాళ్ళ వార్డు కింద "కోడి" అని రాయాల్సొచ్చింది. అత్తగారు మాణిక్యాంబ సాయంత్రం దీపం పెట్టి, కొడుకుని పిలిచింది.

"ఈ వార్డులో కార్తీకం పట్టని కొంప లేదు కదరా. మరి కోడెక్కడిదీ?"

"గాలికొచ్చుంటుందమ్మా" అన్నాడు హైమావతి భర్త కృష్ణమోహన్, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

"గాలికి కోడి రాదు. నీ చొక్కాకొచ్చింది. ఏమే హైమా, నీ మొగుడి బాగోతం నువ్వే ఊరికి చాటింపు వేశావు గదే!"

"బోర్డు మీద పేర్లు రాయలేదు కదత్తయ్యా, వార్డే రాశాను" అని హైమావతి నసిగింది.

ఊరు మెల్లగా మొహం తిప్పుకుంది. కూరలబండి అమ్మాయి హైమావతికి ఏరి ఏరి ముదురు బెండకాయలు తూచేది. ఎవరో ఆరో వార్డు జల్లెడకి తడి గోనె చుట్టారు. ఆవిడ వీధిలోకొస్తే కిటికీలు మూసుకునేవి. మనసు చివుక్కుమనేది గానీ, నిజం చెప్పినందుకు ఎవరో ఒకరికి కష్టం కలగక మానదని సరిపెట్టుకునేది. బోర్డు మాత్రం ఒక్కపూట కూడా ఖాళీగా వదల్లేదు.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున్న ఏడో వార్డు పెట్టె ఓ పేరు చెప్పింది. మస్తాన్‌వలీ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అలుగండీ మేడం. ఒకటి కాదు, రెండు. తల్లీ పిల్లా."

హైమావతి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒళ్ళంతా పొలుసులతో, చీమలు తిని బతికే ఆ సాధుజీవి ఆ కొండల్లో ఉందని పుస్తకాల్లో చదవడమే గానీ, కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఏడో వార్డు చివర పాడుపడ్డ ఇటుకబట్టీ ఉంది. అక్కడ చెదపుట్టలకి లోటు లేదు. పిల్లని కనడానికి అక్కడికే దిగొచ్చి ఉంటుంది.

"ఇది మాత్రం బోర్డెక్కించొద్దండి" అన్నాడు మస్తాన్.

"అదేంటండీ! ఊరు మనతో మాట్లాడ్డం మానేసింది. ఈ కబురు వింటే పండగ చేసుకుంటారు."

"మన ఊళ్ళోవాళ్ళ గురించి కాదండి నా భయం. దాని పొలుసులు దొంగచాటుగా లక్షలకి అమ్ముడవుతాయి. వాటి కోసం ప్రాణాలిచ్చేవాళ్ళున్నారు, తీసేవాళ్ళున్నారు."

"ఒకటి దాచితే రేపు రెండు దాచమంటారు. తర్వాత మనకీ గోడకీ తేడా ఏముంటుంది?" అని హైమావతి సుద్దముక్కలు తీసుకుని బయల్దేరింది. ఆ రోజు రంగు సుద్దలు వాడింది. తల్లి తోక మీద స్వారీ చేస్తున్న పిల్ల బొమ్మ కూడా వేసింది. కింద "ఏడో వార్డు" అని స్పష్టంగా రాసింది.

ఊరు నిజంగానే పండగ చేసుకుంది. చాలారోజుల తర్వాత కూరలబండి అమ్మాయి లేత బెండకాయలు తూచింది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం సూర్యప్రకాశం సమాచార కేంద్రం గడప తొక్కాడు. రొయ్యల గొడవ తర్వాత ఆయన హైమావతి వంక చూడటం అదే మొదలు.

"మేడంగారూ, మీరంటే నాకు ఒళ్ళుమంటండి. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత వచ్చిన పని చెప్తానండి."

"కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. పొద్దున్న ముగ్గురు కొత్తోళ్ళు లాడ్జిలో దిగేరు. మా మెస్సుకే భోజనానికొచ్చేరు. గునపాలు, గోనెసంచులు వెంట తెచ్చుకున్నారండి. ఏడో వార్డు ఎటని అడిగేరు. నేను సంత వైపు చెప్పేను, అది వేరే సంగతి. కానండీ, ఒకడి చేతిలో మీ పెట్టె లాంటిదే చిన్నది, ఇదిగో ఇంత, మామిడికాయంత ఉంది. బల్ల మీద పెట్టేడు. అది పీలుస్తుందండి. నా వంకాయ కూర వైపు చూసి దానిమీద రొయ్య అని పడింది."

జల్లెడ ఎలా కట్టాలో, దానిలో ఏముంటాయో, ప్రతి తీగా ప్రతి మరా బొమ్మలతో సహా కేంద్రం వెబ్‌సైట్‌లో పెట్టింది తనే. లోకంలో ఎవరైనా చేసుకోవచ్చని కింద గర్వంగా రాసింది కూడా తనే. ఎవరైనా అంటే వీళ్ళూ అందులోకే వస్తారని ఆవిడకి ఏనాడూ తోచలేదు.

"ఇవాళే వెళ్తారేమో!"

"వెళ్ళరండి. రెండేసి సార్లు పెరుగన్నం కొసరి కొసరి పెట్టేను. సాయంత్రందాకా లేవరు. రేపు తెల్లారేకే పని అనుకుంటుంటే విన్నాను. అది పగలు బొరియలో పడుకుంటుందంట కదండీ, తవ్వి లాగుతారంట."

మస్తాన్ అప్పటికే ఫోన్లు తిప్పుతున్నాడు. అటవీ సిబ్బంది కొండ అవతల ఏనుగుల వెంట ఉన్నారు, రేపు మధ్యాహ్నానికి గానీ రాలేరు. ఎస్సైగారు మర్యాదగానే మాట్లాడాడు. "గునపముంటే నేరమెలా అవుతుందండీ? తవ్వితే చెప్పండి, క్షణంలో వస్తాను" అన్నాడు.

"పోనీ బట్టీ దగ్గర మనమే కాపలా ఉంటే?" అంది హైమావతి.

"అక్కడే ఉందని మనమే చాటినట్టు కాదాండీ? ఇవాళ మనల్ని చూసి పోతారు, వారం పోయాక మళ్ళీ వస్తారు. పిల్లతల్లిని కదిలిస్తే పిల్లని వదిలేసి పారిపోతుంది" అన్నాడు మస్తాన్. నేను ముందే చెప్పాను కదా అని అనలేదు. ఆ అనకపోవడమే ఆవిడకి ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇంటికెళ్ళి అత్తగారి ముందు కూలబడి ఏడ్చింది. నా చేతుల్తో నేనే దారి చూపించానత్తయ్యా, దాని ప్రాణం పోతే నాదే పాపం అంది. మాణిక్యాంబ కోడల్ని ఏడవనిచ్చింది. ఆ తర్వాత అడిగింది.

"వాళ్ళ పెట్టె ఎలా కనిపెడుతుందే?"

"దాని రజను ఎక్కడ ఎక్కువుంటే అటు దారి చూపిస్తుంది."

"అయితే రజను తుడిచెయ్యి."

"తుడిస్తే పోయేది కాదత్తయ్యా."

"తుడవలేకపోతే పులిమెయ్యి" అంది మాణిక్యాంబ, అదేదో తేలికైన సంగతిలా. "గచ్చు మీద నూనె ఒలికితే ఏం చేస్తాం? పోకపోతే నేలంతా ఒకే రంగొచ్చేదాకా రుద్దుతాం."

హైమావతి ఏడుపు ఆపి అత్తగారి వంక చూసింది. బుర్ర చకచకా పనిచెయ్యడం మొదలెట్టింది. జల్లెడకి కావలసింది చిటికెడు రజను. బొరియ ముందు అలుగు తోడిపోసిన మట్టిలో దాని పొలుసుల పొడీ, పెంటికల ధూళీ బస్తాలకొద్దీ ఉంటాయి. దాన్ని ఊరంతా చల్లాలి. ఎవరికీ అనుమానం రాకుండా, ఒక్క పొద్దున్నే, ప్రతి గుమ్మం ముందూ.

"అత్తయ్యా, కళ్ళాపి!"

"నేనూ అదే అనబోతున్నాను. ఆరితే ధూళి లేస్తుందా?"

"ఎండెక్కేసరికి లేస్తుంది."

"మరింకేం, ఊరిని అడుగు." ఆ మాటనేసరికి హైమావతి మొహం మళ్ళీ వాడిపోయింది. అలుగు కబురుకి మురిసినా, ఊరు ఇంకా ఆవిడ మాట వినే స్థితిలో లేదు మరి.

సాయంత్రం సూర్యప్రకాశం కబురు పెడితే మెస్సు వెనకవైపు జనం పోగయ్యారు. వార్డుకి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, హెడ్మాస్టరు, పాలవాడు. ఆ ముగ్గురు కొత్తవాళ్ళూ లాడ్జిలో గురకలు పెడుతున్నారని సూర్యప్రకాశం భరోసా ఇచ్చాడు. హైమావతి జరిగింది దాచకుండా చెప్పింది. తప్పు నాదే అంది. కళ్ళాపి సంగతి వివరించింది.

పాలవాడే మొదట నోరు విప్పాడు.

"మీ అలుగు గుట్టు కాపాడ్డానికి మేం కావాలాండి? మా గుట్టు బోర్డెక్కించేటప్పుడు ఎవరున్నారండి మాకు?"

"అదేనండి నా బాధాను" అన్నాడు సూర్యప్రకాశం. "మేం చల్లుతావండి. అలుగు మా ఊరికొచ్చిన బాలింత, దాన్నెవడికో అప్పజెప్పం. కానండీ, మీరొక మాటివ్వాలి. ఆ పెట్టెలు మా స్తంభాల మీంచి దింపెయ్యాలి. ఒక్కటి కూడా ఉండకూడదు."

హైమావతి మస్తాన్ వంక చూసింది. అతను నేల చూశాడు. ఎన్ని వేసవులు చెమటోడ్చి చేసిన పనో వాళ్ళిద్దరికే తెలుసు. మొదటి పెట్టె మొదటిసారి "పిచ్చుక" అన్న రోజు ఇద్దరూ కేంద్రం వరండాలో చిన్నపిల్లల్లా గెంతారు.

"దింపేస్తాను" అంది.

"అన్నీనా?" అన్నాడు హెడ్మాస్టరు, కాస్త జాలిగా.

"అన్నీ."

తెల్లారింది. రామన్నమెట్ట పుట్టిన తర్వాత అంత కళ్ళాపి ఎప్పుడూ పడలేదు. రాత్రి అలుగు మేతకెళ్ళాక మస్తాన్ బొరియ ముందు నుంచి స్కూటరు మీద తెచ్చిన మట్టిని పిడికెడేసి పంచారు. సిమెంటు వాకిళ్ళొచ్చాక కళ్ళాపి మానేసినవాళ్ళు పేడ కోసం పరుగులు పెట్టారు. పాలవాడికి నిజంగానే ఒక గేదె అవసరం పడింది. చర్చి వీధిలో చల్లారు, బ్యాంకు మెట్ల మీద చల్లారు, అపార్ట్‌మెంటు మూడో అంతస్తు వాళ్ళు వరండాలో చల్లి కింది వాళ్ళ చేత తిట్లు తిన్నారు. మస్తాన్ వాళ్ళమ్మ బీబీజాన్ గుమ్మంలో బకెట్టు పట్టుకుని నిలబడింది.

"ఒరే, ఎటు నుంచి ఎటు చల్లాలిరా? నాకలవాటు లేదు" అంది. ఎదురింటి లక్ష్మీకాంతం వచ్చి చెయ్యి పట్టుకుని చూపించింది. తీరా చూస్తే బీబీజాన్ వాకిలే నున్నగా తేలింది.

మాట ఎస్సైగారి క్వార్టర్సు దాకా పాకింది. ఆయన భార్యకి అలుగంటే ఎంత జాలో గానీ, పిడికెడు చాలదని రెండు చేటల మట్టి అడిగి పుచ్చుకుంది. వాకిలి, పెరడు, పూలతొట్లు అన్నిటికీ పట్టించింది.

ఎండెక్కింది. వాకిళ్ళు ఆరాయి. ముగ్గురూ మామిడికాయంత పెట్టె పట్టుకుని బయల్దేరారు.

మొదటి వీధిలోనే పెట్టె "అలుగు" అంది. ఆనందపడి ఒక ఇంటి గోడ పక్కన వంగి చూశారు. "ఏం పోయిందండీ?" అని ఆ ఇంటావిడ అడిగింది. ఏం లేదండి అని ముందుకెళ్ళారు. రెండో వీధీ అలుగే అంది. బడి దగ్గరా, బ్యాంకు దగ్గరా, మెస్సు దగ్గరా అలుగే. పెట్టె చెడిందేమోనని ఒకడు దాన్ని అరచేత్తో కొట్టాడు. అది ఇంకా గట్టిగా అలుగంది. అరుగుల మీద జనం కూరలు తరుగుకుంటూ, పేపర్లు చదువుకుంటూ, నవ్వు బిగబట్టుకుని చూశారు. ఏడో వార్డుకి కూడా వెళ్ళారు. అక్కడ వీధి మొదట్లోనే పెట్టె మీది ముల్లు పైకి లేచింది గానీ, అంతకంటే పైకి ఇంకోచోట లేస్తోందని వెనక్కి తిరిగారు.

అన్నిటికంటే ఎక్కువ ఎక్కడుందో చివరికి పెట్టె చెప్పింది. వెనకవైపు నుంచి ప్రహరీ దూకారు. మల్లెపాదు మొదట్లో గునపం దించారు. నడుం లోతు తవ్వాక ఒకడు తలెత్తి చూస్తే, పైన లుంగీలో, పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని, ఎస్సైగారు నిలబడి ఉన్నాడు.

"తవ్వితే రమ్మన్నాను. మా ఇంట్లోనే తవ్వుతారనుకోలేదు" అన్నాడాయన.

మధ్యాహ్నానికి అటవీ సిబ్బంది వచ్చి ముగ్గుర్నీ, గోనెసంచుల్లో ఉన్న పాత పొలుసులతో సహా తీసుకెళ్ళారు. హైమావతి మర్నాడు పొద్దున్న బోర్డు దగ్గరికెళ్ళి పెట్టెలు చెప్పింది చెప్పినట్టే రాసింది: "అలుగు: ఒకటో వార్డు మొదలు పన్నెండో వార్డు దాకా." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఊరు బోర్డు ముందు నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ రోజే మస్తాన్ నిచ్చెన పట్టుకుంటే హైమావతి స్తంభాలెక్కి పెట్టెలన్నీ దింపింది. వెబ్‌సైట్‌లోంచి బొమ్మలు కూడా తీసేసింది. పక్షి చచ్చిన గూడులా చేతిలో ఆ పెట్టెలు తేలిగ్గా ఉన్నాయి. ఏడుపొచ్చింది, కాస్త ఏడ్చింది. కూరలబండి అమ్మాయి ఏమీ అనకుండా ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చింది. హెడ్మాస్టరు దగ్గి, "పారిజాతం పూసిన కబురు మాత్రం కావాలమ్మా" అన్నాడు. అది నడిచి చూసి చెప్తానంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్న వీధులన్నీ తిరిగి, కంటికి కనబడ్డ చెట్టూ చేమా మాత్రమే రాసేది. జనం తామే వచ్చి చెప్పడం మొదలెట్టారు. మా పెరట్లో ఉడత పిల్లలు పెట్టిందండి, అని ఒకరు. రాసుకోండి, అని ఇంకొకరు. అడిగి రాయడానికీ అడక్కుండా రాయడానికీ ఎంత తేడా ఉందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఓ సందెవేళ అలా తిరుగుతూ బట్టీ దాకా వెళ్ళింది. చెదపుట్టల వెనక నుంచి అది మెల్లగా బయటికొచ్చింది. ముందుకాళ్ళు ముడుచుకుని, తలొంచుకుని, కొత్త కోడల్లా నడిచింది. తోక మొదట్లో గుప్పెడంత పిల్ల బోర్లా పడుకుని గట్టిగా పట్టుకునుంది. వాగు దాటి, రాళ్ళ మధ్య నుంచి కొండవైపు ఫలానా చోటికి ఎక్కి వెళ్ళిపోయాయి. హైమావతి చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కనబడినంత మేరా చూసింది. అవి రెండూ బతికినందుకు కలిగినంత ఆనందం మునుపెన్నడూ కలగలేదు ఆవిడకి.

తర్వాత టీవీ వాళ్ళు దిగారు. మైకు పట్టుకున్న అమ్మాయి సంతంతా తిరిగి అడిగింది, అలుగు ఇప్పుడెక్కడుందని.

"మా వాకిట్లోనేనండి" అంది లక్ష్మీకాంతం.

"అబ్బే, మా మెస్సు వెనకండి" అన్నాడు సూర్యప్రకాశం.

"మా ఇంట్లో" అంది బీబీజాన్, తడుముకోకుండా.

ఆ అమ్మాయి విసిగిపోయి, అత్తగారితో కూరలు కొంటున్న హైమావతి దగ్గరికొచ్చింది.

"మీరు ప్రభుత్వ సమాచార కేంద్రం కదండీ. మీరైనా చెప్పండి. ఆ తల్లీపిల్లా ఎటెళ్ళాయి?"

అడిగినవాళ్ళకి చెప్పకుండా పంపిన రోజు హైమావతి ఉద్యోగంలో ఒక్కటీ లేదు. వాగూ, రాళ్ళూ, ఆ కొండ మలుపూ కళ్ళముందు కదిలాయి. సంతలో బేరాలు ఆగిపోయాయి. అందరూ ఆవిడ నోటివైపే చూశారు.

"నాకు తెలీదండి" అంది.

మైకు వెళ్ళిపోయింది. బేరాలు మళ్ళీ మొదలయ్యాయి. మాణిక్యాంబ బెండకాయ చివర విరిచి చూస్తూ, కోడలికి మాత్రమే వినబడేలా అంది:

"గొంతు కాస్త వణికిందే. ఈసారి ఎవరైనా అడిగితే కళ్ళల్లోకి చూసి చెప్పు."